పురుగుకు పేరు పెట్టేముందు

"సముద్రపు చేపల్లో పరాన్నజీవి పురుగులను గుర్తించగలవారు కావలెను" అని ఏ పేపర్లోనూ ప్రకటన పడదు. పడేదాకా ఎదురుచూస్తానంటే ఆ చూపు చూపుగానే ఉండిపోతుంది. ఈ పని వేరే ఉద్యోగాల కడుపులో దాగి ఉంటుంది. రొయ్యల రైతులకు పరీక్షలు చేసిపెట్టే ఆక్వా ల్యాబులో, ఎగుమతి ప్లాంటు నాణ్యత విభాగంలో, హ్యాచరీలో, సచివాలయంలోని మత్స్య సహాయకుడి రోజువారీ తిరుగుడులో, సాగరమిత్ర రిజిస్టర్లో, డిగ్రీ కాలేజీ జంతుశాస్త్రం ప్రాక్టికల్లో, పరిశోధన సంస్థ ఇచ్చే ప్రాజెక్టు అసిస్టెంటు పోస్టులో. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు చేపను తెచ్చి బల్ల మీద పెట్టి, "సార్, ఇదేంటి?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నమ్మదగిన జవాబు చెప్పగలిగిన మనిషి ఆ ఆఫీసులో సాధారణంగా ఒక్కరే ఉంటారు, ఒక్కోచోట ఆ ఒక్కరూ ఉండరు. పలాస, టెక్కలి, వజ్రపుకొత్తూరు, సోంపేట వైపు జువాలజీయో ఫిషరీసో చదివి ఉద్యోగంలో ఉన్నవాళ్లూ, వెతుక్కుంటున్నవాళ్లూ ఆ ఒక్కరు కావచ్చు. ఎలాగో చెబుతాను.

ముందు మీ దగ్గరున్న ఆస్తి చూసుకోండి. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఉద్దానం పొడుగునా మంచినీళ్లపేట, నువ్వలరేవు, బారువ లాంటి ఊళ్లలో పడవలు ఎక్కువగా ఇసుక మీదకే వస్తాయి. తెల్లవారుజామున వేసిన వలలో చేప పొద్దెక్కేసరికి ఒడ్డున ఉంటుంది. చదును పురుగుల (ఫ్లాట్‌వర్మ్‌ల) పనికి ఇది ప్రాణం. చేప చచ్చిన కొద్ది గంటల్లోనే మొప్పల మీది పురుగులు రాలిపోతాయి, కరిగిపోతాయి. రోజుల తరబడి సముద్రంలో తిరిగి వచ్చే ట్రాలర్ల ఐసులో నలిగిన చేపలో మిగిలేది తోలు ముక్కలే. పెద్ద నగరంలో మంచి మైక్రోస్కోపు ఉంటుంది కానీ తాజా చేప దొరకడం కష్టం. మీకు అది ఇంటి గుమ్మంలో దొరుకుతుంది. మైక్రోస్కోపు కొనుక్కోవచ్చు, అడిగి వాడుకోవచ్చు. తాజాదనం కొనడానికి దొరకదు.

ఇక పురుగుల సంగతి. బల్లపరుపుగా ఉండే ఈ పురుగుల్లో చేపల పనికి ముఖ్యమైనవి మూడు జట్లు. చేప ఒంటి మీద, మొప్పల మీద కొక్కేలతో పట్టుకుని ఉండేవి మోనోజీనియా. వీటికి మధ్యలో వేరే అతిథేయి అక్కర్లేదు, చేప నుంచి చేపకు నేరుగా పాకుతాయి. పేగులో, కడుపులో, ఒక్కోసారి కండలో తిత్తుల్లో ఉండేవి డైజీనియా. ఇవి దాదాపు ఎప్పుడూ ఏదో ఒక నత్తలోనో చిప్పలోనో బతుకు మొదలుపెడతాయి. మూడోవి బద్దె పురుగులు. పెద్దవి సొరల, టేకుల పేగుల్లో ఉంటాయి, పిల్లదశలు మిగతా చేపల పొట్టలో తెల్లని గుల్లలుగా కనిపిస్తాయి. బద్దె పురుగుకు సొంత పేగు ఉండదు, ఒంటితోనే తిండి పీల్చుకుంటుంది.

మొదటి పరీక్ష పేరు కోసం కాదు, "ఇది చదును పురుగేనా?" అన్నదాని కోసం. ల్యాబుకు "పురుగు" అని వచ్చేవాటిలో చాలా భాగం చదును పురుగులు కావు. చేప నోట్లో కాళ్లతో కూర్చున్నది ఐసోపాడ్, అంటే రొయ్య జాతి బంధువు. ఒంట్లోంచి దారంలా వేలాడేది చాలాసార్లు కోపిపాడ్. కాలేయం మీద గడియారం స్ప్రింగులా చుట్టుకుని, విప్పితే కొరడాలా కొట్టుకునేది గుండ్రటి పురుగు, నెమటోడు. చదును పురుగు అలా కొట్టుకోదు. సాగుతుంది, ముడుచుకుంటుంది, మళ్లీ సాగుతుంది. వైట్ గట్ జబ్బు వచ్చిన రొయ్య పేగులో సన్నగా పురుగుల్లాంటివి కనబడతాయి. వాటిలో చాలావరకు రొయ్య హెపటోపాంక్రియాస్ కణాలనుంచి ఊడిన పదార్థమేనని 2014లో థాయ్‌లాండ్ పరిశోధకులు చూపించారు. వాటిని చూసి పురుగుల మందు పోసిన చెరువులు మన రాష్ట్రంలో తక్కువేం ఉండవు.

చేప ఎలా సంపాదించాలంటే, కాశీబుగ్గ మార్కెట్లో చేపలు కోసి ఇచ్చే ఆడవాళ్లు మొప్పలూ పేగులూ బుట్టలో పడేస్తారు. "అప్పా, ఆ కానాగంతల మొప్పలు నాకు విడిగా ఉంచుతావా?" అని అడిగితే నవ్వుతారు, ఇస్తారు. కానీ ఆ బుట్టలో నాలుగు రకాల చేపల పేగులు కలిసిపోతే అది మీకు పనికిరాదు. అతిథేయి ఏదో తెలియని పురుగు సగం విలువ కోల్పోయినట్టే. మోనోజీనియాల్లో చాలా జాతులు ఒకే చేపను అంటిపెట్టుకుంటాయి. చేప పేరు తప్పయితే పురుగు పేరు కూడా తప్పవుతుంది. అందుకే మొదట్లో నిండు చేపనే కొనండి, కోసేముందు పక్కకు తిప్పి స్కేలు పెట్టి ఫొటో తీయండి. మన తీరపు చేపలకు ఆనవాళ్లు రాసిపెట్టడం కొత్తేం కాదు. ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలను 1803లో అచ్చువేయించినప్పుడు, ఒడ్డున వాళ్లు పిలిచే పేర్లనే వాటి కింద రాశాడు. మీరూ మీ ఊళ్లో పిలిచే పేరు రాసి, పక్కన శాస్త్రీయనామం రాయండి.

సొరలు, టేకులు కోయాలనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. వేల్ షార్కు, రంపపు చేప, కొన్ని గిటార్ చేపలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. 2022 సవరణ తర్వాత ఆ జాబితా ఇంకా పెరిగింది. బద్దె పురుగుల కోసం కేసులో ఇరుక్కోవడం తెలివైన పని కాదు. జాతి రూఢి చేసుకున్నాకే కత్తి పట్టండి.

అసలు పని మొదటి గంటలో ఉంది. ఈ వ్యాసంలో ఒక్క పేరానే చదువుతానంటే ఇది చదవండి. మొప్పలను ఒక్కొక్క విల్లుగా విడదీసి, గుడ్డతో వడకట్టిన సముద్రపు నీరున్న గాజు పళ్లెంలో వేయండి. స్టీరియో మైక్రోస్కోపు కింద 10 నుంచి 40 రెట్లు చాలు. కింద నల్లకాగితం పెడితే తెల్లటి పురుగు తేలిగ్గా కనబడుతుంది. మోనోజీనియాలు చాలావరకు ఒక మిల్లీమీటరు కూడా ఉండవు. కదలిక చూసి పట్టుకోవాలి, సన్నని బ్రష్షుతో గాని సూదితో గాని విడిపించాలి. పేగును 0.85 శాతం ఉప్పు నీళ్లలో పొడుగునా చీరి, నెమ్మదిగా కడిగి, అడుగున పేరుకున్నది చూడాలి. ఇప్పుడు అసలు కిటుకు. దొరికిన డైజీనియా పురుగును బతికుండగా నేరుగా ఫార్మలిన్లో పడేస్తే ముడుచుకుపోయి బఠాణీ గింజలా అయిపోతుంది, దాన్ని ఎవరూ గుర్తించలేరు. పళ్లెంలో నీళ్లు దాదాపు పూర్తిగా తీసేసి, మరిగే దశకు దగ్గరగా ఉన్న ఉప్పునీళ్లు ఒక్కసారిగా పోయండి. చప్పున నిటారుగా చచ్చిపోతుంది. ఆ తర్వాతే నిల్వ ద్రవంలోకి. కొన్నింటిని 70 శాతం ఆల్కహాల్లో, స్లైడు కోసం. కనీసం ఒకటి రెండు 95 శాతం లేదా అంతకన్నా గాఢమైన ఆల్కహాల్లో, డీఎన్‌ఏ కోసం. ఫార్మలిన్ తాకినది డీఎన్‌ఏ పనికి పోయినట్టే అనుకోండి. ఎక్సైజ్ నిబంధనల వల్ల గాఢమైన ఆల్కహాలు సొంతంగా కొనడం కష్టం. కాలేజీ ద్వారానో ల్యాబు ద్వారానో తెప్పించుకోండి.

గ్లాసు మంచినీళ్లతో చేసే పని కూడా ఒకటుంది. ఒంటి మీది పెద్ద మోనోజీనియాలు, పంజరాల్లో పెంచే చేపలను పీడించే నియోబెనెడీనియా లాంటివి, చేప చర్మం మీద ఉన్నా పారదర్శకంగా ఉండి కంటికి ఆనవు. చేపను మంచినీళ్లలో కొన్ని నిమిషాలు ముంచితే తెల్లగా మారి ఊడి కింద పడతాయి. పంజరాల పెంపకంలో ఇదే చికిత్స, ఇదే పరీక్ష. అలాగే చేప కడుపులో తెల్ల గుల్లగా దొరికే ట్రిపనోరింకా బద్దె పిల్లను గుల్లనుంచి విప్పి మంచినీళ్లలో వదిలితే, లోపలికి ముడుచుకున్న నాలుగు ముళ్ల తీగలు బయటికి వస్తాయి. ఆ ముళ్ల వరసలు చూడకుండా దానికి పేరు పెట్టడం సాధ్యం కాదు. పార, వంజరం జాతుల్లో కనిపించే కాలిటెట్రారింకస్ గ్రాసిలిస్‌ను గుర్తించేది కూడా వాటితోనే.

స్లైడు విషయంలో మన దేశంలో ఒక పాత అలవాటు ఉంది. పురుగును రెండు గాజుల మధ్య పెట్టి గట్టిగా నొక్కి, పల్చగా చేసి, రంగు వేసి చూడటం. నొక్కితే అవయవాలు జరుగుతాయి, ముష్కాలు పక్కకు పోతాయి, చూషకాల కొలతలు మారతాయి. అలా జరిగిన అవయవాలను చూసి కొత్త జాతులుగా ప్రకటించినవి మన పాత పత్రికల్లో చాలానే ఉన్నాయని నా గట్టి అభిప్రాయం, ముఖ్యంగా బద్దె పురుగుల విషయంలో. నొక్కకండి. ఎసిటోకార్మైన్‌తో రంగు వేసి, ఆల్కహాలు మెట్లు ఎక్కించి, లవంగ నూనెలో తేటపరచి, కెనడా బాల్సంలో బిగించండి. మోనోజీనియాల కొక్కేల కోసమైతే గ్లిజరిన్-అమ్మోనియం పిక్రేటు వాడతారు. పిక్రిక్ ఆమ్లం ఎండితే పేలే గుణం ఉంది, సీసాను తడిగా ఉంచండి.

పేరు దగ్గరికి వద్దాం. చూసేది పెద్దగా ఏమీ ఉండదు, వరసగా చూడాలి. డైజీనియా అయితే నోటి చూషకం, పొట్ట చూషకం, రెంటి నిష్పత్తి. ముష్కాలు ఎన్ని, ఎక్కడ. అండాశయం ముందా వెనకా. పీతక గ్రంథులు పక్కలంటా పరుచుకున్నాయా, రెండు ముద్దలుగా ఉన్నాయా. గుడ్ల పొడవు. తోక చివర లోపలికీ బయటికీ జరిగే భాగం ఉందా. కానాగంత కడుపులో దొరికే లెసితోక్లాడియంకు ఆ జరిగే తోకా, గరాటులాంటి నోటి చూషకమూ ఉంటాయి. వీటితో దాన్ని ప్రజాతి దాకా తెచ్చేయవచ్చు. పండుగప్ప మొప్పల మీది లాటికోలా లాటెసై సంగతి వేరు. దాని కుటుంబానికి గుర్తు వెనక భాగంలో వరసలుగా పేర్చిన సన్న కడ్డీలతో ఉండే పలకలు. ఆ జాతిని త్రిపాఠీ 1957లో డిప్లెక్టానం పేరిట వర్ణించారు. 2006లో ఆ ప్రజాతినుంచి విడదీసి లాటికోలా చేశారు. పురుగు మారలేదు, పేరు మారింది. మీరు రాసిన పేరు కూడా రేపు మారవచ్చు. అందుకే పేరు కన్నా మీ సీసాలో ఉన్న నమూనా, దాని మీది చీటీ ముఖ్యం.

ఈ విద్యకు మన తీరంలో గట్టి వంశవృక్షం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో ఆర్. మాధవి వాల్తేరు తీరపు చేపల్లోని డైజీనియాల మీద దశాబ్దాలు పనిచేసి వరస వ్యాసాలు ప్రచురించారు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలోని రాడ్నీ బ్రేతో కలిసి ఆవిడ రాసిన భారతీయ సముద్రపు చేపల డైజీనియాల గ్రంథం 2018లో స్ప్రింగర్ ద్వారా వచ్చింది. మీ లైబ్రరీలో ఒక్క పుస్తకమే ఉండాలంటే ఇదే ఉండాలి. కుటుంబాల స్థాయిలో వెతకడానికి 2002, 2005, 2008లో మూడు సంపుటాలుగా వచ్చిన ట్రెమటోడా (డైజీనియా ఈ జట్టులోనివే) గుర్తింపు కీలు, బద్దె పురుగులకు 1994 నాటి కీలు ఉన్నాయి. పేరు నేటికీ చెల్లుతుందో లేదో ఇంటర్నెట్లో వర్మ్స్ అనే సముద్రజీవుల జాబితా చూస్తే తేలుతుంది.

ఇక్కడే ఒక ఉద్యోగ మర్యాద. ఏ మెట్టు దాకా రూఢిగా తెలిసిందో ఆ మెట్టు దగ్గరే ఆగండి. "డిప్లెక్టానిడే కుటుంబం, ప్రజాతి రూఢి కాలేదు" అని రాయడానికి సిగ్గుపడకండి. పై అధికారికి జాతి పేరు కావాలనిపిస్తుంది, రిపోర్టులో అది బాగుంటుంది కూడా. కానీ ఆ పేరు తప్పని తేలినప్పుడు సంతకం మీది. నా లెక్కలో, కుటుంబం దాకా నమ్మకంగా చెప్పేవాడు, జాతి దాకా ఊహించేవాడికన్నా ల్యాబుకు ఎక్కువ పనికొస్తాడు.

చిప్పలు, నత్తల విషయం వేరు. వాటిలో పెద్ద పురుగులు అరుదు, పిల్లదశలే ఎక్కువ. చిప్ప తెరిచినప్పుడు జననగ్రంథి ఉండాల్సినచోట తెల్లటి సన్న తీగలు అల్లుకుని ఉంటే బ్యూసెఫాలిడ్ ట్రెమటోడు స్పోరోసిస్టులు కావచ్చు. ఆ చిప్ప ఇక సంతానం కనదు. ముత్యం పుట్టుకకే బద్దె పురుగు పిల్ల కారణమని సింహళ ముత్యపుచిప్పల మీద హెర్డ్‌మన్, హార్నెల్ 1903 నుంచి 1906 దాకా వెలువరించిన నివేదికల్లో వాదించారు. తర్వాతి పరిశోధకులు దాన్ని సందేహించారు. ఆ హార్నెలే తర్వాత మన తీరం కూడా కలిసున్న మద్రాసు మత్స్యశాఖకు అధిపతి అయ్యాడు.

నౌపడ ఉప్పు మడుల దగ్గరి కాలువల్లో, టెక్కలి క్రీక్ బురద మీద శంఖాల్లాంటి చిన్న నత్తలు కనబడితే, ఒక్కొక్కటీ విడిగా గాజు గ్లాసులో ఆ నీళ్లే పోసి దీపం కింద ఉంచండి. తెల్లారేసరికి నీళ్లలో తోకలాడిస్తూ సర్కేరియాలు, అంటే డైజీనియాల ఈదే పిల్లదశలు, తేలవచ్చు. ఇలాంటివాటి తర్వాతి మజిలీ చాలాసార్లు చేప, చివరి మజిలీ చేప తినే పక్షి. గూడబాతులు, కొంగలు వచ్చి వాలే తేలినీలాపురం టెక్కలికి దగ్గరే. నత్త, చేప, పక్షి ఒకే కాలువలో దొరికే చోటు మీది. ఈ గొలుసును ఇక్కడ పట్టుగా తేల్చగలిగితే డిగ్రీ కాలేజీ అధ్యాపకుడికి పీహెచ్‌డీ అంశం చాలదా?

రిపోర్టు భాషలో ఉద్దానంలో ఒక అదనపు జాగ్రత్త కావాలి. ఇక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. నీరా, ఎండా, మరేదైనానా అని ప్రతి ఇంట్లో ఏదో ఒక అనుమానం ఉంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాక కూడా ఆ ప్రశ్న అలాగే ఉంది. ఇలాంటి చోట "మంచినీళ్లపేట చేపల్లో పురుగులు" అని ల్యాబు మనిషి నోరుజారితే సాయంత్రానికి చేపలమ్మే ఆడవాళ్ల బుట్టలు నిండుగానే ఇంటికి తిరిగొస్తాయి. ప్రపంచంలో ఏ సముద్రపు చేపలోనైనా పరాన్నజీవులుంటాయి. మొప్పల మోనోజీనియాలు మనిషిని పట్టవు. ట్రిపనోరింకా పిల్లలు కంటికి అసహ్యం, అందువల్ల కొనేవాడు తిరస్కరిస్తాడు, అంతే. పచ్చిగానో సగం ఉడికించో తినే దేశాల్లో గుండ్రటి పురుగు అనిసాకిస్ భయం ఉంది, అందుకే ఐరోపాలో పచ్చిగా తినే చేపను మైనస్ 20 డిగ్రీల దగ్గర కనీసం 24 గంటలు గడ్డకట్టించమంటారు. మన పులుసు ఉడుకుతుంది. ప్లాంటులో పని చేసేవాళ్లకు గుర్తుండాల్సింది ఇంకోటి. ఐరోపా నిబంధన ప్రకారం పరాన్నజీవులు స్పష్టంగా కనిపించే చేప మనిషి తిండి కోసం అమ్మకూడదు. కాబట్టి మీరు రాసేది ఏ భాగంలో, ఎన్ని చేపలు చూస్తే ఎన్నింటిలో, చేపకు ఎన్ని అన్న లెక్కతో ఉండాలి. "చాలా ఉన్నాయి" అనేది లెక్క కాదు.

నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. పలాసలో రైలెక్కితే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయమూ, మత్స్య పరిశోధన సంస్థలైన సీఎంఎఫ్‌ఆర్‌ఐ, సీఐఎఫ్‌టీ కేంద్రాలున్నాయి. ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. ఇచ్ఛాపురం దాటి బరంపురం వెళ్తే గోపాల్‌పూర్‌లో జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఈస్ట్యువరైన్ బయాలజీ కేంద్రం ఉంది. మన వాళ్లు విశాఖ వైపే చూస్తారు, గోపాల్‌పూర్‌ని మరిచిపోతారు. ఫిషరీసులో చేరాలనుకునేవాళ్లకు ముత్తుకూరు కళాశాల, కాకినాడ మత్స్య సాంకేతిక సంస్థ ఉన్నాయి. చెరువు జబ్బుల మీద దేశవ్యాప్త నిఘా కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది, రైతులే రిపోర్టు చేసేలా 2023లో యాప్ కూడా వచ్చింది. ఈ గొలుసులో క్షేత్రస్థాయిలో నమూనా సరిగ్గా తీసిపంపే మనిషి కొరత ఎప్పుడూ ఉంటుంది. విదేశీ నిపుణుడికి నమూనా పంపాలంటే మాత్రం జీవవైవిధ్య చట్టం అనుమతి ముందు తీసుకోవాలి, పోస్టులో పడేయకండి.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు సర్టిఫికెట్లతోపాటు స్లైడు పెట్టె తీసుకెళ్లండి. నిటారుగా చచ్చిన పురుగులున్న ఇరవై స్లైడులు, ప్రతిదానికీ అతిథేయి, అవయవం, ఊరు, తేదీ, సేకరించినవారి పేరు రాసిన చీటీ. ఎదురుగా కూర్చున్నవాడికి ఈ పని తెలిస్తే ఆ పెట్టె తెరిచిన వెంటనే మీ గురించి తెలిసిపోతుంది. తెలియనివాడైతే "ఇదేంటి?" అని అడుగుతాడు, మీకు అంతకన్నా మంచి ప్రశ్న ఎవరూ అడగరు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులు రంగులు వేయడానికి, బొమ్మలు గీయడానికి, కీలు చదవడానికి వాడుకోండి. పడవలు మళ్లీ దిగాక అన్ని చేపలూ పట్టుకోకండి. ఒక్క చేపను ఎంచుకోండి, అందరికీ దొరికే కానాగంత చాలు. నెలనెలా అదే ఒడ్డున అదే చేపను ఏడాదిపాటు కోసి, లెక్క రాసి, ప్రతి రకం పురుగునూ రెండు సీసాల్లో దాచండి. ఆ తర్వాత ఒక సీసాను జువాలజికల్ సర్వేకు పంపండి.